రెండు మార్కులు వేశానని సార్ అలిగారు

ప్రశ్న: నమస్తే అండీ. మాది హనుమకొండ. బ్యాంకులో పనిచేస్తాను, వయసు 43. రెండేళ్లుగా మేం తొమ్మిది మందిమి నెలలో చివరి ఆదివారం సాయంత్రం ఒకరింటి మేడ మీద కలుస్తున్నాం. ఆ నెలలో ఎవరేం చదివారో చెప్పుకుని, ఒక్కో పుస్తకానికి ఐదుకి ఇన్ని అని మార్కులు వేస్తాం. ఒకాయన వాటిని రిజిస్టర్‌లో ఎక్కిస్తాడు. మొన్నటిదాకా సరదాగానే ఉండేది.

గత నెల నేను ‘ప్రజల మనిషి’ నవలకి 2 వేశాను. అందులో మంచివాళ్లు మరీ మంచివాళ్లు, చెడ్డవాళ్లు మరీ చెడ్డవాళ్లు అనిపించింది. నేను గుడ్‌రీడ్స్ అనే పుస్తకాల వెబ్‌సైట్‌లో లెక్క రాసుకుంటాను, అక్కడ వేసినట్టే ఇక్కడా వేశాను. మాలో పెద్దాయన ఒకరున్నారు, రిటైర్డ్ టీచర్, అందరం సార్ అంటాం. ఆయనకి ఆ పుస్తకం ప్రాణం. చేతిలో ఉన్న సర్వపిండి ముక్క ప్లేట్లో పెట్టేసి, “మీకు అర్థం కాదు లెండి” అని లేచి వెళ్లిపోయారు.

అంతకు ముందు నెల మాలో ఒక అక్క తన కవితల పుస్తకం అందరికీ పంచింది. అందరూ 5 వేశారు. నేను 3 వేసి ‘బాగుంది, కొంచెం స్లో’ అని రాయించాను. అప్పటినుంచి ఆమె నా ఫోన్ ఎత్తడం లేదు. నిజం చెప్పాలంటే ఆజంజాహి మిల్లు సైరన్ మీద ఆమె రాసిన కవిత చదువుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, మా నాన్న ఆ బట్టల మిల్లులోనే పనిచేశారు. మిగతావి అంతగా ఎక్కలేదు, ఏం చేయను?

ఇంకొకటి. మా గుంపులో ఒక అబ్బాయి నెలకి పదకొండు, పన్నెండు పుస్తకాలు చెప్తాడు. నాకు రెండు పూర్తిచేయడమే గగనం. చివరి ఆదివారం దగ్గరపడుతుంటే టెన్షన్ వస్తోంది. అన్నిటికీ 4 వేసేసి ఊరుకోనా? అసలు వెళ్లడం మానేయనా?

తా.క. మీరు ఈ నెల ఏం చదివారు? ఎన్ని మార్కులు?

— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశాను. అదేమిటో తర్వాత చెప్తాను, ముందు సార్ సంగతి చూద్దాం.

మీరు 2 వేశారు, సార్ 2 విన్నారు. ఆ రెండూ ఒకటి కావు. గుడ్‌రీడ్స్‌లో ఒక్కో నక్షత్రానికి ఒక్కో మాట కట్టిపెట్టి ఉంటుంది. ఒకటంటే నచ్చలేదు, రెండంటే ఫర్వాలేదు, మూడు నచ్చింది, నాలుగు బాగా నచ్చింది, ఐదు అద్భుతం. చూశారా, అయిదు మెట్లలో అయిష్టానికి ఇచ్చింది కింది మెట్టు ఒక్కటే. అక్కడ రెండు వేసినవాడు పుస్తకాన్ని తిట్టినట్టు కాదు, “ఫర్వాలేదు, చదివాను” అన్నట్టు. మీరు ఆ లెక్కలో వేశారు.

సార్ చెవికి అది వేరేగా చేరింది. జీవితమంతా పేపర్లు దిద్దిన మనిషికి ఐదుకి రెండంటే నూటికి నలభై. ముప్పై అయిదు దాటింది కాబట్టి గట్టెక్కింది, థర్డ్ క్లాసు. తను ప్రాణంగా చూసుకునే పుస్తకం అత్తెసరు మార్కులతో పాసయిందని, అదీ రిజిస్టర్‌లో ఎక్కిందని విన్నారాయన. నేనైనా సర్వపిండి కింద పెట్టేసేవాణ్ణి.

కవితలు రాసిన అక్క లెక్క ఇంకోలా ఉంటుంది. మూడంటే అరవై, అంటే కష్టంమీద ఫస్ట్ క్లాసు. అదీ పక్కన అందరూ నూటికి నూరు వేసిన పూట. ఇక మీలో కుర్రవాళ్లు ఉంటే వాళ్లు సినిమా రేటింగులు చూసి పెరిగినవాళ్లు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా 2.75, 3.25 అని ఫోన్లలో వచ్చేస్తుంది. ఆ లోకంలో మూడు దాటితే పండగ, 2.75 అంటే ఖాళీ ఉంటే ఒకసారి చూడొచ్చని. (ఆ ముప్పావును దేనితో కొలుస్తారో నాకిప్పటికీ అంతుపట్టలేదు.) ఒకే మేడ మీద మూడు రకాల తూకం రాళ్లు పెట్టుకుని కూర్చున్నారు మీరు. రెండేళ్లు గొడవ రాకుండా గడిచిందంటే అదే గొప్ప.

కాబట్టి ఈ ఆదివారం మొదటి పని, రిజిస్టర్ మొదటి పేజీలో అంకెల అర్థం రాయించండి. నాకైతే మంచి చెడుల భాష కంటే మనం ఆ పుస్తకాన్ని ఏం చేస్తామన్న భాష నచ్చుతుంది. మా స్నేహితుల మధ్య ఓ పాత లెక్క ఉంది. ఎవరైనా అప్పు తీసుకుని తిరిగివ్వకపోతే నేను అడగను అనిపించే పుస్తకానికి 1. లైబ్రరీలో కనబడితే తీస్తాను, కొనను అంటే 2. కొంటాను, చదివాక ఎవరికైనా ఇచ్చేస్తాను అంటే 3. అప్పిస్తాను గానీ పేరు, తేదీ రాసుకుని మరీ ఇస్తాను అంటే 4. ఎవరు అడిగినా “ఇంట్లో ఎక్కడో ఉండాలి, వెతకాలి” అని అబద్ధమాడి దాచుకునే పుస్తకానికి 5. పుస్తకం పరహస్తం గతం గతః (పరాయి చేతికి వెళ్లిన పుస్తకం పోయినట్టే) అన్న పెద్దలు ఈ ఐదు మార్కుల పుస్తకాలు పోగొట్టుకునే అన్నారని నా నమ్మకం. ఈ లెక్కలో ఒక సుఖం ఉంది. ‘ప్రజల మనిషి’ని లైబ్రరీలో చదువుతాను, కొనను అని మీరంటే సార్‌కి కోపం రాదు. “నా కాపీ ఇస్తా పట్టుకెళ్లు” అంటారు. ఇలాంటిదే మీకు తగినట్టు మీరు కట్టుకోండి. మాది మీ మేడకి సరిపోవాలని ఏమీ లేదు.

అన్నిటికీ 4 వేసేయడం మాత్రం వద్దు. అప్పుడది హాజరుపట్టీ అవుతుంది. 3 కూడా చాలామందికి దాక్కునే చోటే. ఎటూ తేల్చుకోలేనప్పుడు, ఎవరినీ నొప్పించకూడదనుకున్నప్పుడు, అసలు చదవనప్పుడు కూడా మనవాళ్లు మూడు వేస్తారు.

ఈ చివరిది నాకెలా తెలుసో చెప్తాను. నేనొక వారపత్రికలో చాలా ఏళ్లు పుస్తక సమీక్షల పేజీ చూశాను. పేజీ అడుగున ‘సమీక్షకు రెండు ప్రతులు పంపాలి’ అని చిన్న అక్షరాల్లో వేసేవాళ్లం. ఒకటి సమీక్షకుడికి, ఒకటి ఆఫీసుకి. ఆఫీసు ప్రతి చివరికి ఎవరింటికి చేరేదో అడక్కండి. వారానికి ముప్పై పుస్తకాలు వచ్చేవి, వేసేది నాలుగు. సమీక్షకులు ఎగ్గొట్టిన వారం నేనే కూర్చుని నాలుగు ముక్కలు రాసేసేవాణ్ణి. “కొన్ని కథలు పాఠకుణ్ణి ఆకట్టుకుంటాయి. రచయిత మరింత కృషి చేస్తే మంచి కథకుడిగా రాణిస్తారు.” ఈ రెండు వాక్యాలు ఎన్ని పుస్తకాలకి రాశానో లెక్కలేదు. అంకె వేయలేదు గానీ అవి మూడు మార్కులే.

ఒకరోజు మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. భుజానికి సంచి, చెప్పులకి దుమ్ము. పల్నాడు నుంచి బస్సులో వచ్చానన్నాడు. సొంత డబ్బుతో ఐదువందల కాపీలు వేసుకున్న కథల పుస్తకం. మా పత్రిక కటింగు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. కుర్చీ అంచున కూర్చుని చాలా మర్యాదగా అడిగాడు, “కొన్ని కథలు ఆకట్టుకుంటాయని రాశారు కదండీ. ఏ కథలండీ అవి?” నేను చదివింది ముందుమాట, మొదటి రెండు కథలు, చివరిది. ఆ క్షణంలో వాటి పేర్లు కూడా గుర్తులేవు. ఆయన పుస్తకం తీసి నా ముందు పెడితే నా చూపు విషయసూచిక మీదికి పోయింది. పోయిందని ఆయన చూశాడు. “సరేనండీ” అని పుస్తకం సంచిలో పెట్టుకుని లేచాడు. టీ తాగి వెళ్లమన్నా తాగలేదు.

ఇప్పుడు నేను గీత గీసిన వాక్యం. “ఆజంజాహి మిల్లు సైరన్ మీద ఆమె రాసిన కవిత చదువుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.” ఈ మాట నాకు రాశారు. నేనెవరినో మీకు తెలియదు. రాసిన మనిషికి ఏం చెప్పారు? ‘బాగుంది, కొంచెం స్లో, 3.’

మూడు వేయడంలో మీ తప్పేం లేదు. మూడు వేసి ఊరుకున్నారు, అక్కడ వచ్చింది చిక్కు. ఐదు వేసిన ఏడుగురిలో ఒక్కరైనా ఫలానా కవిత అని పేరు పెట్టి చెప్పారా? పందెం కాస్తాను, చెప్పి ఉండరు. ఆమెకి నిజంగా అందాల్సిన ఒకే ఒక్క మాట మీ దగ్గరుంది, దాన్ని మీరు దాచుకున్నారు. రిజిస్టర్‌లో మార్కు దిద్దొద్దు. దిద్దితే ఆమెకి తెలుస్తుంది, ఇంకా చిన్నబుచ్చుకుంటుంది. ఫోన్ ఎత్తడం లేదు కదా, ఒక కార్డు ముక్క రాసి పంపండి. ఇలా:

“అక్కా, నీ పుస్తకంలో మిల్లు సైరన్ కవిత నాలుగుసార్లు చదివాను. మా నాయిన ఆ సైరన్‌కే లేచేవాడు, ఆ సైరన్‌కే టిఫిన్ డబ్బా పట్టుకుని ఉరికేవాడు. మిల్లు బందయినంక కూడా ఆ టైముకే మెలకువ వచ్చేది ఆయనకు. నువ్వు రాసినంక నాకు అది గుర్తొచ్చింది. మిగతా కవితల్లో నాకు ఇంత దగ్గరగా మనిషి కనబడలేదు, అందుకే మూడు వేసిన. మనం కూర్చుని మాట్లాడుకుందాం.”

మీ నాన్నగారి అలవాట్లు నేను ఊహించి రాశాను, మీకు తెలిసినవి మీరు రాయండి. ఇందులో మూడుకి కారణం కూడా ఉంది చూడండి, దాచలేదు. కానీ ఆ కారణం ఇప్పుడు ఒక కవిత పక్కన నిలబడి మాట్లాడుతోంది. ‘స్లో’ అన్న మాట ఎక్కడా రాలేదు. కవితల పుస్తకం స్లో ఏమిటండీ, అదేమైనా బస్సా? మీరు చెప్పదలుచుకున్నది బహుశా ఒకే పోలిక పదేపదే వస్తోందనో, ఆగాల్సిన చోట కవిత ఆగడం లేదనో. అదేదో అదే చెప్పండి.

ఇకముందు గుంపులో మనిషి రాసిన పుస్తకం వస్తే చదవండి, మాట్లాడండి, మార్కులు మాత్రం పెట్టకండి. మనింట్లో పెళ్లికి వచ్చినవాళ్లని భోజనం ఎలా ఉందని మనమే అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? మన దగ్గర పుస్తకం వేయడమంటే చాలామందికి చేతిసొమ్ము పెట్టి అచ్చు వేయించుకోవడం, ఆవిష్కరణ సభకి హాలు మాట్లాడుకోవడం, శాలువాలు కొనడం, ఆపైన సంతకం చేసి ఉచితంగా పంచడం. అంత చేసిన మనిషికి ఎదురుగా కూర్చుని అంకె చెప్పడం మీకూ న్యాయం కాదు, ఆమెకూ కాదు.

అంకె కంటే ఒక మాట ఎంత పదునుగా కొలుస్తుందో తెలుగువాళ్లకి కొత్త కాదు. అల్లసానివాని అల్లిక జిగిబిగి, ముక్కు తిమ్మనార్యు ముద్దుపలుకు అని ఎవడో ఒక చాటువు చెప్పిపోయాడు. పెద్దనకి ఎన్ని, తిమ్మనకి ఎన్ని అని లెక్క కట్టలేదు. జిగిబిగి అన్నాడు, ముద్దుపలుకు అన్నాడు. ఇన్ని వందల ఏళ్లయినా ఆ రెండు మాటలూ తారుమారు కాలేదు, పెద్దనకి తిమ్మనది పెడితే అతకదు. మీ రిజిస్టర్‌లో అంకెల గడి పక్కన ఇంకో గడి గీయించండి, ఒక్క మాట పట్టేంత. ముందు మాట రాయాలి, తర్వాతే అంకె. వరస తప్పితే అంకె ముందుండి మాటని తన వెనకాల లాక్కుపోతుంది.

సార్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అక్కడ మీ ఇద్దరిదీ సగం సగం న్యాయం ఉంది. మంచివాళ్లు మరీ మంచివాళ్లు అన్న మీ ఫిర్యాదు నేను కొట్టిపారేయను. కథానాయకుడు కంఠీరవం మాట్లాడేచోట్ల నాకూ ఒకటి రెండుసార్లు ఇదే అనిపించింది. కానీ ఆ పుస్తకం రాసిన మనిషిని చూడండి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తెలుగు పుస్తకాలు వేసి, స్వయంగా మోసుకు తిరిగి అమ్మినవాడు. జైలుకి వెళ్లొచ్చినవాడు. నిజాం రాజ్యంలో ఆఫీసు భాష, బడి భాష ఉర్దూ. తెలుగు చదవాలంటే లైబ్రరీయే దిక్కు. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో వచ్చింది, మీ ఊళ్లో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో. అలా కష్టపడి తెలుగు చదువుకున్న మనుషులకి, 1955లో, దొరా వెట్టీ ఉన్న తమ ఊరే నవలగా అచ్చయి చేతికి వచ్చింది. సార్ వయసు డెబ్బై దాటి ఉంటే ఆ ఊరు ఆయన చూసింది కాకపోవచ్చు, వాళ్ల నాన్న బతికింది. మీకు మిల్లు సైరన్ ఎలాగో ఆయనకి ఆ నవల అలాగ కావచ్చు. మీరు నవలని చదివారు, ఆయన నవలలో వాళ్ల నాన్నని చదివి ఉంటారు. ఒక్క అంకెలో ఈ రెండు చదువులూ ఎలా పడతాయి?

కాబట్టి క్షమాపణలేమీ వద్దు, మార్కు మార్చడం అంతకన్నా వద్దు. ఆదివారం దాకా ఆగకుండా ఓ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి అడగండి. “సార్, ఈ బుక్కు మీరు మొదలు ఎప్పుడు చదివిన్రు? ఎవరిచ్చిన్రు?” అంతే. ఎవరైనా తమకి ప్రాణమైన పుస్తకం ఎలా చేతికొచ్చిందో చెప్పమంటే గంట ఆపరు. విన్నాక కూడా మీకు 2 అనే అనిపిస్తే 2 అనే ఉంచండి. ఆ గడిలో మాత్రం మాట రాయండి. “మనుషులు తెలుపూ నలుపే, ఊరు మాత్రం నిజం” లాంటిదేదో. అది చదివితే సార్ వాదిస్తారు, అలగరు. వాదించడానికే కదా కలుస్తున్నారు.

“మీకు అర్థం కాదు లెండి” అన్నది మాత్రం తప్పే. అది సార్‌కి మీరు చెప్పాల్సిన పనిలేదు, ఇంటికెళ్లాక ఆయనకే తట్టి ఉంటుంది.

మార్కులు మారవా అంటే మారతాయి. నా నోట్‌బుక్‌లో అంకెలన్నీ పెన్సిల్‌తోనే ఉంటాయి. ఇరవై రెండేళ్ల వయసులో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ చదివి 1 వేశాను. అందులో కథానాయకుడు సీతారామారావు మీద ఒళ్లు మండిపోయింది. ఒక్క పనీ చేయడు, చేసినవాళ్లని బతకనివ్వడు. పుస్తకం మంచం మీదికి విసిరేశాను. నలభై ఏడేళ్లప్పుడు మళ్లీ చదివాను. అప్పటికి నేను కొన్ని ఉద్యోగాలూ కొన్ని స్నేహాలూ పాడుచేసుకుని ఉన్నాను. ఆ విసుగు పుస్తకం లోపం కాదని, రచయిత పట్టుబట్టి నాలో పుట్టించిందని అప్పుడు తెలిసింది. ఒకటి చెరిపి నాలుగు రాశాను. చెరిపిన మరక ఇంకా కనిపిస్తుంది. మరో సంగతి. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చు వేసి, దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్లీ వేశాడు. ఇవాళ మనం చదివి మురిసిపోయేది ఆ రెండోదే. మొదటి దానికి మార్కులు వేసుకున్నవాడు ఎవడైనా ఉంటే పాపం పన్నెండేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది.

ఇక నెలకి పన్నెండు చదివే అబ్బాయి. చదవనివ్వండి. ఆ వయసులో నేనూ అంతే, లెక్క కోసం బక్కపుస్తకాలు ఏరుకుని చదివేవాణ్ణి. మీ రిజిస్టర్‌లో తొంభై పేజీల కవితల పుస్తకానికీ ఒక గీతే, దిండంత ‘వేయిపడగలు’కీ ఒక గీతే. విశ్వనాథని నెలరోజులు మోసి పూర్తిచేసిన మనిషి ఆదివారం లేచి “ఈ నెల ఒకటే సార్” అని నసుగుతాడు. మీ ఇద్దరి లెక్క కుదరదు, పోల్చుకోకండి. మీకు మనసులో పీకుతుంటే ఎన్ని అనే గడి రిజిస్టర్‌లోంచి తీసేయమనండి. ఎవరూ ఏడవరు, ఆ అబ్బాయి తప్ప.

సగంలో వదిలేసినవి చెప్పొచ్చా? చెప్పాలి. ఎన్నో పేజీలో వదిలేశారో చెప్పండి, మార్కు వేయకండి. ఆడియోలో విన్నవి? ధారాళంగా చెప్పండి. పురాణం విని, బుర్రకథ విని పెరిగిన జాతి మనది, కళ్లతో చదివితేనే చదువు అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. అట్ట చిరిగి వచ్చిందనీ, పార్శిల్ ఆలస్యమైందనీ పుస్తకానికి ఒక నక్షత్రం వేసేవాళ్లుంటారే, వాళ్లని మాత్రం మేడ ఎక్కనివ్వకండి. అచ్చుతప్పుల సంగతి వేరు. పేజీకి నాలుగుంటే అది చదవడానికి అడ్డమే, చెప్పాల్సిందే, కానీ ప్రచురణకర్త పేరు మీద చెప్పండి.

మానేయనా అని అడిగారు. చివరి ఆదివారం వస్తోందంటే టెన్షన్ పడుతున్నది మార్కుల గురించే అయితే మార్కులు మానేయండి, మేడ మానకండి. తొమ్మిది మంది తెలుగు పుస్తకాలు చదివి నెలనెలా ఒకచోట కూర్చునే ఊళ్లు నాకు ఎక్కువ తెలియవు. మాకిక్కడ కూర్చోవడానికి నలుగురు దొరికితే ముగ్గురు సీరియల్ టైమ్ అయిందని లేచిపోతారు.

తా.క.లో నా లెక్క అడిగారు. ఈ నెల మూడు. ‘ఏడుతరాలు’ నాలుగోసారి చదివాను. అలెక్స్ హేలీ 1976 నాటి ‘రూట్స్’కి సహవాసి తెలుగు. అసలు పుస్తకాన్ని బాగా కుదించి చేసిన అనువాదం. అయినా కుంటా కింటే మన ఊరి పిల్లాడిలాగే ఉంటాడు. నా లెక్కలో 5, అంటే ఎవరైనా అడిగితే ఇంట్లో వెతకాలి అంటాను. మీ గుంపులో అనువాదాలు చదివినప్పుడు అనువాదకుడి పేరు కూడా పైకి చదవండి. హేలీకి ఐదు వేసి సహవాసిని మర్చిపోతే, తెలుగులో ఆ ఐదు తెచ్చిందెవరు?

రెండోది ఒక కొత్త రచయిత్రి కథల పుస్తకం. పేరు చెప్పను, బతికున్నవాళ్లకి పత్రికలో అంకెలు వేయనని చాలా కాలం క్రితం ఒట్టు పెట్టుకున్నాను. పన్నెండు కథలు. సగటు తీస్తే రెండున్నర వస్తుంది. కానీ అందులో ఒక కథలో అత్త చనిపోయిన మర్నాడు కోడలు ఆమె పోపుల డబ్బా తెరిచి, ఏ గిన్నెలో ఏముందో చూడకుండా తీయగలనని మొదటిసారి గమనిస్తుంది. ఆ ఒక్క కథ కోసం కొన్నాననుకున్నా నాకు గిట్టుబాటే. సగటు అనే లెక్క బ్యాంకులో మీకు పనికొస్తుందేమో గానీ, కథల పుస్తకాల దగ్గర మాత్రం నమ్మకండి. రచయిత్రికి ఫోన్ చేసి కథ పేరు చెప్పాను. ఈసారి విషయసూచిక చూడలేదు.

మూడోది లావుపాటి చారిత్రక నవల, 112వ పేజీ దగ్గర ఆగిపోయింది. పదిరోజులుగా దిండు పక్కనే ఉంది. గుర్తుగా పెట్టిన కరెంటు బిల్లు తీయలేదు, గడువు మొన్ననే అయిపోయింది.